ఉతకకూడని నాలుగు చొక్కాలు

పుష్పకుమారి ఇంట్లో కొత్త బట్ట పాతబడటానికి రెండు రోజులు పడుతుంది. లోకంలో ఆడవాళ్ళందరూ పాతవాటిని కొత్తగా కనబడేట్టు చేయడానికి తంటాలు పడుతుంటే, ఈవిడ మాత్రం మడత విప్పని చొక్కాను తెచ్చి సోడా నీళ్ళలో ఉడకేసి, టీ డికాక్షన్‌లో ముంచి, మెడ దగ్గర ఆముదం పట్టించి, మోచేతుల దగ్గర గరుకు కాగితంతో రుద్ది, ఎవరో పదేళ్ళు తొడిగి విసిగి విడిచేసిన చొక్కాగా మార్చేస్తుంది. సినిమాలో రాళ్ళు కొట్టే మనిషి ఇస్త్రీ బట్టలతో కనబడితే జనం నవ్వుతారు. ఆ నవ్వు రాకుండా చూడటం ఆమె వృత్తి. ఫిల్మ్ నగర్‌లో ఈ పనిని ‘డల్ చేయడం’ అంటారు. చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, చేసినట్టు తెలియకుండా చేసేవాళ్ళు తక్కువ.

భర్త శాంతరాజు కాస్ట్యూమ్స్ అసిస్టెంటుగా ఉండేవాడు. పెళ్ళైన కొత్తలో నరసాపురం నుంచి ఆమెను తీసుకొచ్చి ఈ గుట్ట వాలులో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టాడు. గుండీలు కుట్టే పనితో మొదలుపెట్టి ఆమె కూడా పాతికేళ్ళు షూటింగులకు తిరిగింది. ఇద్దరి సంపాదనతో కొడుకు ప్రేమ్ చంద్ ఇంజనీరింగు చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. శాంతరాజు పోయి ఆరేళ్ళయింది. ఆయన పోయాక ఆమె తిరగడం మానేసి, మేడ మీద రేకుల షెడ్డు వేయించి, నాలుగు తొట్లు పెట్టుకుని ఇంటి దగ్గరే పని చేసుకుంటోంది. ఒకరి కింద చేయనవసరం లేని పని. యాభై తొమ్మిదేళ్ళ వయసులో ఆమెకు తనది అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ షెడ్డే.

ఏడాదిన్నర కిందట కోడలు జాయ్స్ పెట్టుకున్న ఆయా చెప్పాపెట్టకుండా మానేసింది. ప్రేమ్ చంద్ చంటివాడు లియోను చంకనేసుకుని వచ్చి, "ఒక్క నెలమ్మా, వేరే ఆయా దొరికేదాకా" అన్నాడు. ఆ ఆయా ఇంకా దొరకలేదు. దొరకడానికి ఎవరైనా వెతికితే కదా! పొద్దున్నే ఎనిమిదింటికి షేక్‌పేటలోని ఫ్లాటు నుంచి పిల్లాడు, సంచీ, పాలసీసా వచ్చేస్తాయి. రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో వెళ్తాయి. ఆసుపత్రిలో బిల్లింగు సెక్షన్లో చేసే జాయ్స్‌కి శనివారం కూడా డ్యూటీ ఉంటుంది కాబట్టి శనివారమూ అంతే.

అసలు కన్నా వడ్డీ ముద్దు అంటారు. ఆ సామెత కట్టిన మహానుభావుడెవరో గానీ, ఒక్క పూటైనా వడ్డీకి ముడ్డి కడిగిన పాపాన పోయి ఉండడు. లియో అంటే పుష్పకుమారికి ప్రాణం. వాడు "మామ్మా" అని మెడ చుట్టూ చేతులేస్తే మోకాళ్ళ నొప్పులు కూడా మరిచిపోతుంది. కొడుకు ధీమా కూడా అక్కడే ఉంది. ప్రాణం కదా, కాదంటుందా?

పిల్లాడికి దగ్గు వచ్చినప్పుడు డాక్టరు దుమ్ము పడటం లేదన్నాడు. ఆ మాట జాయ్స్ రెండుసార్లు, ప్రేమ్ చంద్ నాలుగుసార్లు ఆమెకు చెప్పారు. ఆమె ముందు గదిలోంచి మట్టి డబ్బాలూ, రాతిపొడి సంచులూ అన్నీ మేడ మీదికి మోసింది. షెడ్డుకు తాళం వేసింది. వాడు పడుకున్న రెండు గంటల్లో మేడ మీదికి పరుగెత్తి, రోజంతా చేయాల్సిన పని చేసి, వాడు లేచి ఏడిచేలోపు చేతులు సబ్బుతో కడుక్కుని, చీర మార్చుకుని కిందికి దిగేది. ఇంత చేసినా, మొన్న లియో పుట్టినరోజుకి ఫ్లాట్ల వాళ్ళెవరో "మీ మదర్ ఏం చేస్తారు?" అని అడిగితే, ప్రేమ్ చంద్ "అమ్మ ఇంట్లో ఖాళీగానే ఉంటుందండీ" అన్నాడు. కేకు ముక్క చేత్తో పట్టుకుని ఆమె ఆ మాట వింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది కాబట్టి, కేకు తిని ఊరుకుంది.

ఇదంతా ఇలా ఉండగా ఆమెకు అనఘ దగ్గర్నుంచి పని వచ్చింది. జూబ్లీహిల్స్‌లో ఆఫీసు పెట్టుకున్న కుర్ర డిజైనరు అనఘ. అంతకుముందు పనంతా మల్లికార్జున్ అనే కాస్ట్యూమర్ తన పేరు మీద పట్టి, పుష్పకుమారి చేత చేయించి, మెప్పు తను తీసుకునేవాడు. ఈసారి అనఘ నేరుగా ఆమెకే ఫోన్ చేసింది. "చేసేది మీరేనని నాకు తెలిసింది కుమారి గారూ. ఈ షెడ్యూలు చక్కగా జరిగితే ఎనిమిది నెలల సినిమా మొత్తం మీకే" అంది. మల్లికార్జున్ ఊరుకుంటాడా? "ఆమె ఇంట్ల చిన్న పిల్లగాడున్నడు మేడం, బట్టలు ఆగమైతయి. నాకియ్యిండ్రి, నేను జూస్కుంట" అని చెప్పి వచ్చాడు. అనఘ వినలేదు. ఆ సంగతి తెలిసినప్పుడు పుష్పకుమారి ఒంటరిగా వంటింట్లో నిలబడి కళ్ళు తుడుచుకుంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆమె పేరు మీద వచ్చిన పని అది.

పని ఏమిటంటే నాలుగు చొక్కాలు. సినిమాలో కథానాయిక క్వారీలో రాళ్ళు మోసే మనిషి. ఎండకి, రాతిపొడికి చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంటుంది. నటికి ఒకటి, ఆమె బదులు దెబ్బలు తినే డూప్‌కి ఒకటి, పైన రెండు. నాలుగూ ఒకే చొక్కాలా ఉండాలి. గురువారం సగం సీను తీశారు. అందులో ఆమె తలపగిలిన మొగుణ్ణి భుజాన వేసుకుని వస్తుంది. ఎడమ భుజం మీద రక్తం, ఛాతీ మీద పొడి, వీపున చెమట. మిగతా సగం సోమవారం తీస్తారు. తెర మీద ఆ రెండు సగాల మధ్య ఒక్క క్షణం కూడా గడవదు. అందుకని గురువారం నటి చొక్కాకి అంటిన ప్రతి మరకా తక్కిన మూడింటికీ అచ్చుగుద్దినట్టు రావాలి. దాన్నే వాళ్ళు కంటిన్యుటీ అంటారు. శుక్రవారం సాయంత్రానికి ఆమె ఆ పని ముగించింది. నాలుగు చొక్కాలనూ లోపలి గదిలో దండేనికి తగిలించి, పైన దుప్పటి కప్పి, ఒక్కోదానికి పిన్నుతో చీటీ గుచ్చింది. సీను నంబరు, ఎవరిదో వాళ్ళ పేరు, కింద ఎర్ర సిరాతో పెద్దక్షరాల్లో ‘ఉతకొద్దు’.

శనివారం ఎనిమిదిన్నరకి ప్రేమ్ చంద్ పిల్లాణ్ణి తీసుకుని, క్రికెట్ ఆడే బట్టల్లో వచ్చాడు.

"అమ్మా, పదకొండింటికి మాకు మ్యాచ్ ఉంది. వీడు ఇడ్లీ తినలేదు, కాస్త తినిపించు."

"నేను కృష్ణానగర్ వెళ్ళి ప్యాకింగు కవర్లు తెచ్చుకోవాలిరా. పదింబావుకల్లా వచ్చేస్తాను. అందాకా నీ కొడుకుని నువ్వే చూసుకో."

"ఇప్పుడేనా? ఆన్‌లైన్లో పెట్టుకోవచ్చుగా?"

"ఏడాదిన్నరలో ఒక్క రెండు గంటలు అడుగుతున్నాను ప్రేమ్. లోపలి గది తలుపు మాత్రం తియ్యకు."

"సరేలేమ్మా, వెళ్ళు" అన్నాడు ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ఆమె పదిగంటల పది నిమిషాలకే తిరిగి వచ్చింది. మెట్ల మధ్యలో ఉండగా వాషింగ్ మెషీన్ చప్పుడు వినిపించింది. లియో పక్క తడిపి ఉంటాడు, వీడే పక్కబట్టలు వేసి ఉంటాడు, పర్లేదే, కొడుక్కి కాస్త బుద్ధి వచ్చింది అనుకుని మురిసిపోయింది కూడా. లోపలికి వచ్చి చెంబెడు నీళ్ళు తాగి ఫ్రిజ్ తలుపు వేస్తుంటే, దాని మీద అయస్కాంతం కింద నాలుగు చీటీలు కనబడ్డాయి. వరసగా, నలగకుండా, పిన్నులు కూడా జాగ్రత్తగా పక్కన పెట్టి ఉన్నాయి. పైన ఉన్న చీటీ మీది ఎర్ర అక్షరాలు ఆమెవే.

మెషీన్ గాజు తలుపు దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. లోపల తిరుగుతున్న నురగ లేత ఎరుపుగా ఉంది.

"ప్రేమ్!"

ఆ అరుపుకి లియో చేతిలో బొమ్మ కారు కింద పడేశాడు. ప్రేమ్ చంద్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా?"

"ఏంటివి? లోపల ఏంటివి?"

"ఓ, అవా? లియో ఆ గదిలోకి దూరాడమ్మా. నేను ఫోన్లో ఉన్నాను, చూసుకోలేదు. చూస్తే ఆ దుప్పటి కింద కూర్చుని చొక్కా మొహానికేసుకుని ఆడుకుంటున్నాడు. ఒకటే దగ్గు. అందుకే హాట్ వాష్ పెట్టి, డెట్టాల్ కూడా వేశాను. నీకూ పని తప్పుతుంది కదా అని."

పుష్పకుమారి మెషీన్ ఆపడానికి వేసిన చేతిని వెనక్కి తీసుకుంది. ఇక ఆపి ఏం లాభం? ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి చీటీలు తీసి వాడి కళ్ళ ముందు పెట్టింది.

"ఇది చదివావా?"

ప్రేమ్ చంద్ తేలు కుట్టిన దొంగలా చూశాడు.

"చదివావా లేదా?"

"చదివాన్లే. కానీ పిల్లాడు దగ్గుతుంటే..."

"పిల్లాడు దగ్గితే పిల్లాణ్ణి బయటికి తీసుకురావాలి. మొహం కడగాలి. నీళ్ళు పట్టాలి. ఉతకొద్దని రాసి ఉంటే, ఆ కాగితం తడవకుండా తీసి దాచిపెట్టి మరీ ఉతికావు చూడు, దాన్నేమనాలిరా? కాగితం మీదున్న శ్రద్ధ నా పని మీద లేదు నీకు!"

"అబ్బా, ఎందుకమ్మా అంత సీన్ చేస్తావు? మురికే కదా! మళ్ళీ పుయ్యొచ్చుగా!"

పుష్పకుమారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ మాట పరాయివాడంటే పోనీలే తెలియదు అనుకునేది. వీడు ఈ మురికి వాసన మధ్య పెరిగాడు. ఈ తొట్ల పక్కనే కూర్చుని ఎక్కాలు చదివాడు. వాడి ఇంజనీరింగు పుస్తకాల మీద కూడా ఆమె వేలి ముద్రలు టీ రంగులో ఉండేవి. ఇన్నేళ్ళు తిన్న అన్నం ఎక్కణ్ణుంచి వచ్చిందో వాడికి తెలుసు, తెలిసి మురికి అన్నాడు.

"నీకు ఉద్యోగం ఇచ్చినవాడు నువ్వు రాసిందంతా చెరిపేసి, అక్షరాలే కదా మళ్ళీ కొట్టుకోవోయ్ అంటే ఎట్లా ఉంటుందిరా నీకు? ఆ? ఎట్లా ఉంటుంది?"

"దానికీ దీనికీ పోలికేంటమ్మా..."

"ఏం, నాది పని కాదా? నేను ఖాళీగా ఉంటున్నానా? చెప్పు, ఆ రోజు మీ ఫ్లాట్ల వాళ్ళకి చెప్పావుగా!"

కింది వాటా మంజులత మెట్ల మీదికి వచ్చి తొంగి చూసింది. "ఏందక్కా, ఏమైంది? గట్ల ఒర్రుతున్నవ్, బస్తీ మొత్తం ఇనబడ్తుంది."

"విననీ మంజులతా! ముప్పై ఏళ్ళు ఎవరికీ వినబడకుండానే బతికాను. ఇవాళ అందరూ వినాలి!"

మంజులత ప్రేమ్ చంద్ వంక ఒకసారి చూసి, లియోను చేయి పట్టుకుని, "రా బిడ్డా, మా ఇంట్ల కోడిపిల్లలున్నయ్ జూద్దాం" అని కిందికి తీసుకుపోయింది.

"ఎంత నష్టమో చెప్పమ్మా, నేనిచ్చేస్తాను" అన్నాడు ప్రేమ్ చంద్ గొంతు తగ్గించి. అగ్గి మీద గుగ్గిలం వేసినట్టయింది.

"నా పేరు ఎంతకి కొంటావు? చెప్పు! ఫిల్మ్ నగర్‌లో ఒక్కసారి పని చెడితే ఆ మనిషిని మళ్ళీ పిలవరు. మీ నాన్న చెప్పేవాడు, నువ్వూ విన్నావు. రేపు మల్లికార్జున్ వీధి వీధికీ చెప్పుకు తిరుగుతాడు, నేను ముందే చెప్పలేదా అని. ఇంక ఎవడు రమ్మంటాడు నన్ను?"

దాచిపెట్టి చేసేద్దామన్న ఆలోచన ఆమెకు రాకపోలేదు. కానీ షూటింగులో మానిటర్ ముందు కూర్చునేవాళ్ళ కళ్ళు ఎలాంటివో ఆమెకు తెలుసు. ఫోన్ తీసి అనఘకు జరిగింది జరిగినట్టు చెప్పింది.

"నాలుగూనా?" అంది అనఘ.

"నాలుగూ ఉతికేశారండీ. గురువారం ఫోటోలు నా దగ్గరున్నాయి. రేపు సాయంత్రం ఐదింటికి మీ ఆఫీసుకి తెచ్చిస్తాను. మీరు పక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే నా మొహాన కొట్టండి."

"సోమవారం ఏడింటికి షాట్ కుమారి గారూ. నాకు ఇంకో దారి లేదు." అని, అనఘ ఇంకో మాట కూడా కలిపింది. "మల్లికార్జున్ గారు ముందే అన్నారు, ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడని."

పుష్పకుమారి "అవునండీ" అని ఫోన్ పెట్టేసింది. ప్రాణం పెట్టి పెంచుతున్న పిల్లాడు తన పనికి మచ్చగా మారాడు. అలా మార్చినవాడు క్రికెట్ బట్టల్లో ఎదురుగా నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

"జాయ్స్‌కి ఫోన్ చెయ్యి. వచ్చి లియోని తీసుకెళ్ళమను. నువ్వు మేడ మీదికి పద."

"నాకు మ్యాచ్..."

"మళ్ళీ పుయ్యొచ్చన్నావుగా. పద, పుయ్యి."

జాయ్స్ సగం డ్యూటీలో సెలవు పెట్టి, ఆసుపత్రి కార్డు మెడలో ఉండగానే వచ్చింది. సంగతి విని మొగుడి వైపు తిరిగి, "చీటీ చదివి కూడా ఉతికావా?" అంది. తర్వాత అత్తగారితో, "కానీ అత్తయ్యా, వాడికి దుమ్ము పడదని డాక్టరు చెప్పింది నిజమే కదా" అని నెమ్మదిగా అంది.

"నిజమే. దుమ్మున్న ఇంటికి నీ కొడుకుని పంపమని నేనడిగానా జాయ్స్?"

జాయ్స్ కొడుకుని ఎత్తుకుని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మేడ మీద రేకుల కింద పుష్పకుమారి నాలుగు చొక్కాలనూ తాడు మీద పరిచింది. గరుకు కాగితంతో రుద్దిన అరుగుదల మిగిలింది గానీ, మరకలన్నీ పోయి, ఆసుపత్రి వాసన కొడుతున్నాయి. ఒకదాన్ని కొడుకు ముందు వేసి, మట్టి డబ్బాలు, రాతిపొడి, బ్రష్షు, ఫోన్లో ఫోటో పెట్టింది. ప్రేమ్ చంద్ మొహం ముడుచుకుని కూర్చుని గంటన్నర పూశాడు. ఆమె పక్కనే తన చొక్కాల పని మొదలుపెట్టి, వాడి వైపు చూడలేదు. అయిందన్నాక చూసింది.

"ఇదేంటి?"

"ఫోటోలో ఉన్నట్టే పూశాను కదమ్మా."

"ఇది బురదలో పడ్డ చొక్కా. మనిషి తొడుక్కున్న చొక్కా కాదు. మురికి ఊరికే అంటదురా. దానికో కారణం ఉంటుంది. ఈమె తట్ట ఏ వైపు మోస్తుంది?"

"ఏమో."

"కుడి భుజం మీద. కాబట్టి బట్ట అరిగేది అక్కడ. మెడ వెనక చెమట కన్నా ముందు నూనె అంటుతుంది, కొప్పు ఉంది కాబట్టి. సుత్తి కుడి చేతిలో ఉంటే తుడుచుకునేది ఏ చెయ్యి, ఎక్కడ? ఎడమ చెయ్యి, ఎడమ పక్క, నడుం దగ్గర. వీపున చెమట ఎండితే అంచుల్లో ఉప్పు తేలి తెల్లగా కనబడుతుంది, మధ్యలో కాదు. నువ్వు మధ్యలో సున్నం కొట్టావు. ఇక ఇక్కడ చూడు." చొక్కా కింది అంచు చూపించింది. "ఈమెకి మూడేళ్ళ కూతురుంది. ఆ పిల్ల రోజంతా ఇక్కడే పట్టుకు లాగుతుంది. అందుకే ఇక్కడ మాత్రమే బట్ట సాగి, వేళ్ళ ముద్రలు పడి ఉంటాయి. అది చూసి డైరెక్టరు ఎవరు చేశారని అడిగాడట. పిల్ల అక్కడే పట్టుకు లాగుతుందని నాకెలా తెలిసిందనుకున్నావు?"

ప్రేమ్ చంద్ బ్రష్షు కింద పెట్టాడు.

"పొద్దున్నుంచి రాత్రిదాకా నీ కొడుకు నా చీర పట్టుకు లాగుతుంటే తెలిసింది. ఒక చేత్తో వాడికి అన్నం పెడుతూ, ఇంకో చేత్తో నేర్చుకున్నాను. నువ్వు దాన్ని డెట్టాల్ వేసి కడిగావు."

వాడు పూసిన చొక్కాను తిరిగి నీళ్ళలో ముంచి, మళ్ళీ మొదటి నుంచీ చేసింది. ప్రేమ్ చంద్ కాసేపు నీళ్ళు మోశాడు, కాసేపు ఎండకి తాడు కట్టాడు. సాయంత్రం ఆరింటికి "నేను వెళ్ళనా అమ్మా?" అని అడిగాడు. "వెళ్ళు" అంది. వాడి గొంతులో భయం ఉంది గానీ, అర్థమైన జాడ లేదు. ఆమెకు ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆదివారం ఆమె చర్చికి వెళ్ళలేదు. పాతికేళ్ళలో జ్వరమొచ్చినా మానని మనిషి. ప్రభువు క్షమిస్తాడు గానీ కంటిన్యుటీ క్షమించదు. పొద్దున్నే ఎండ పడగానే ఉప్పునీళ్ళ బ్రష్షు పట్టుకుంది. ఎండిన రక్తం రంగు కోసం కాఫీ పొడి కలిపి, ఆరబెట్టి, ఫోటో చూసి, మళ్ళీ కలిపింది. భుజం మీది మరక అంచు ఫోటోలో ఒకచోట కొక్కెంలా వంగి ఉంది. ఆ వంపు నాలుగు చొక్కాలకీ రావడానికి మధ్యాహ్నం రెండయింది. అప్పటికి అన్నం తినలేదన్న సంగతి మంజులత గిన్నెలో పప్పన్నం తెచ్చి ముందు పెట్టాక గుర్తొచ్చింది.

ఐదింటికి జూబ్లీహిల్స్ ఆఫీసులో అనఘ నాలుగు చొక్కాలనూ బల్ల మీద పరిచి, గురువారం ఫోటోలు పెద్ద తెర మీద పెట్టి, ఒక్కో మరకనూ వేలితో వెతుక్కుంటూ చూసింది. పుష్పకుమారి నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏది ఏదో నాకే తెలియడం లేదు" అంది అనఘ చివరికి. "ఓకే కుమారి గారూ. సినిమా మీదే."

పుష్పకుమారి కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"కానీ ఒక్కటి. ఇకమీదట బట్టలు మీ ఇంటికి పంపలేను. ఇంకోసారి ఇలా జరిగితే నా ఉద్యోగం కూడా పోతుంది. మా స్టోరు వెనక ఒక గది ఇస్తాను, నీళ్ళూ ఎండా ఉన్నాయి. మీ తొట్లు అక్కడికి తెచ్చుకోండి. రోజూ తొమ్మిదికి రండి, ఆరింటికి వెళ్ళండి."

తప్పు లేని మాటే. రేకుల షెడ్డు, తన ఎండ, తన వేళలు, ఎవరూ తొమ్మిదింటికి రమ్మనని ఆరేళ్ళు. ఒక్క హాట్ వాష్‌లో అన్నీ పోయాయి. అరవయ్యో ఏట మళ్ళీ ఒకరి గుమ్మం ఎక్కాలి. అనఘ మీదా కోపం వచ్చింది, మల్లికార్జున్ మీదా వచ్చింది. కొడుకు మీద వచ్చిన దానికైతే పేరు లేదు. పని మాత్రం వదిలేది లేదు.

"రేపట్నుంచే వస్తానండీ" అంది. చీకటి పడకముందే ట్రాలీ ఆటో మాట్లాడి తొట్లూ డబ్బాలూ ఆ స్టోరు గదికి పంపించేసింది.

సోమవారం ఎనిమిదింటికి ప్రేమ్ చంద్ లియోను ఎత్తుకుని, సంచీ తగిలించుకుని, చేతిలో స్వీట్ల డబ్బాతో వచ్చాడు. అమ్మ మొహం చూడటానికి మొహమాటపడి, ముందు మేడ మీదికి వెళ్ళాడు. ఖాళీ షెడ్డు చూసి, మొహం విప్పారగా దిగి వచ్చాడు.

"అన్నీ తీసేశావా అమ్మా! చాలా మంచి పని చేశావు. ఇక వీడికి దగ్గు బాధ ఉండదు. నీకూ రెస్టు. ఈ వయసులో ఆ మట్టిలో ఎందుకు నీకు? హాయిగా మనవడితో ఆడుకో."

పుష్పకుమారి వాడి వంక చూసింది. తిట్టడానికి నోటిదాకా వచ్చిన మాటలన్నీ మింగేసింది. ఈ తెలివితక్కువ సంతోషాన్ని ఏ మాటతో కొట్టాలి? భోజనం క్యారేజీ సంచీలో పెట్టుకుని, బయటికి వచ్చి, తలుపు వేసి తాళం పెట్టింది.

"ఎక్కడికమ్మా?"

"పనికి. జూబ్లీహిల్స్‌లో. రోజూ తొమ్మిదింటికి ఉండాలి. ఇంటికి బట్టలు పంపరట, ఇంట్లో నమ్మకం లేదని."

ప్రేమ్ చంద్‌కి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. స్వీట్ల డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మరి లియో?"

"నీ కొడుకు. నువ్వూ నీ పెళ్ళామూ చూసుకోండి. ఆయాని వెతుకుతారో, స్కూల్లో వేస్తారో, చెరో పూట సెలవు పెడతారో. ఆదివారం చర్చి అయ్యాక తీసుకురా. సాయంత్రందాకా వాడు నా దగ్గరే ఉంటాడు. ఆ పూట నాకు వాడు తప్ప ఇంకేం వద్దు."

"ఇంత సడన్‌గా అంటే ఎట్లా అమ్మా? పదింటికి నాకు కాల్ ఉంది!"

"నన్నడిగి పెట్టుకున్నావా ఆ కాల్?"

"మామ్మా, నేనూ వస్తా" అని లియో చేతులు చాచాడు. ఆమె వాణ్ణి తీసుకుని గట్టిగా ముద్దు పెట్టుకుంది. ఇంకొక్క నిమిషం ఎత్తుకుంటే తాళం మళ్ళీ తీసేస్తానని భయం వేసింది. వాణ్ణి వాళ్ళ నాన్న చేతుల్లో పెట్టి మెట్లు దిగింది. లియో ఏడుపు అందుకున్నాడు. ఆమె ఆగలేదు.

ఆమె వీధిలోకి వచ్చేసరికి ప్రేమ్ చంద్ పిట్టగోడ మీంచి వంగి, ఏడుస్తున్న పిల్లాణ్ణి భుజాన సముదాయిస్తూ, గట్టిగా అరిచాడు.

"అమ్మా, ఎన్నింటికి వస్తావు?"

ఏడాదిన్నరగా రోజూ సాయంత్రం ఆమె వాడికి ఫోన్ చేసి అడిగిన మాట అది. వాడు ఏ ఒక్కరోజూ ఒక సమయం చెప్పలేదు.

పుష్పకుమారి తలెత్తి చూసింది.

"తెలియదురా. పనిని బట్టి" అని, కళ్ళు తుడుచుకుంటూ షేర్ ఆటో ఆపింది.